లేబులు అంటని సీసా

జూన్ 29, ఆదివారం

మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు. ఇవి తప్ప ఇంట్లో ఏ పనైనా చేసుకోవచ్చునట! మార్చి తర్వాత డాక్టర్ నాదియా ఇంత దయ చూపించడం ఇదే మొదలు. గర్భసంచి మూతికి వేసిన కుట్టు గట్టిగానే ఉందట, బిడ్డ బరువు బాగానే పెరుగుతోందట. బీపీ మాత్రం చూసుకోమంది, ఉప్పు తగ్గించమంది, ఊరగాయల జోలికి పోవద్దంది. పోయిన రెండుసార్లూ నాకు ఐదో నెల దాటలేదు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. పైకి అనడానికి భయం గానీ, లోపల ఒకటే సంబరంగా ఉంది.

ఇంటికి రాగానే స్టోరు తలుపు తీశాను. తీసి మళ్ళీ మూసేశాను. నేను మంచం మీదుంటే ఈ మహానుభావుడు నా స్టోరుని ఇంత గతి పట్టిస్తాడా! ఒమానీ హల్వా డబ్బాలో ఆవాలు, ఆవాల డబ్బాలో బ్యాటరీలు, కందిపప్పు ఎక్కడపడితే అక్కడ. ఖాళీ తేనె సీసాలు, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు ఒక గుట్ట. అడిగితే "పనికొస్తాయి వాణీ" అంటారు. కంపెనీలో సిమెంటుకీ ఇనుముకీ లెక్కలు కట్టే ఇంజనీరు గారు, సొంత ఇంట్లో పంచదార ఎక్కడుందో చెప్పలేరు.

రేపటి నుంచి స్టోరు మీద దండయాత్ర అని ఫణిగాడికి మెసేజ్ పెట్టాను. "జాగ్రత్త పోలీసక్కా. ముందు తిన్నావా? మందులు వేసుకున్నావా?" అని జవాబిచ్చాడు. నా తమ్ముడికి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందో! నా కంచంలోది లాక్కుని తినడమే గానీ, నేను తిన్నానో లేదో అడిగిన పాపాన పోలేదు ఏనాడూ. ఏప్రిల్లో వాడికి వైజాగ్ ఆఫీసు నుంచి సముద్రం మధ్యలో చమురు రిగ్గు మీద డ్యూటీ వేశారు. అక్కడ మాట్లాడ్డం కుదరదట, మెసేజీలు మాత్రం వెళ్తాయట. చుట్టూ నీళ్ళే కనపడుతుంటే ఎంతటివాడికైనా అక్క గుర్తొస్తుంది మరి.

జూన్ 30, సోమవారం

రజియాని పెందలాడే రమ్మన్నాను. రజియా కడప మనిషి, మస్కట్‌లో మేముండే ఈ రూవీ బిల్డింగులోనే ఇంకో రెండిళ్ళలో పని చేస్తుంది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని సైటు సూపర్‌వైజర్‌లా వేలు చూపించడం, తను దించడం, తుడవడం. మత్రా సూక్ బజారులో ఎప్పుడో కొన్న ఎండు నిమ్మకాయలు రాళ్ళయిపోయాయి. పారెయ్యమంటే మనసొప్పక పక్కన దాచింది. ఈయనకి తగ్గ మనిషే దొరికింది.

బియ్యం డ్రమ్ము జరిపి, "ఇదేందక్కా, యెంట్రుకలు ఆరబెట్టుకునే మిషను బియ్యం ఎనకాల పెట్టినారే?" అంది.

నా హెయిర్ డ్రయ్యర్! నెలంతా అది కనపడక మంచం మీంచే సణుక్కున్నాను.

ఈయన ఆఫీసు నుంచి రాగానే నిలదీశాను.

"అదా... కందిపప్పు చెమ్మగిల్లితే ఆరబెట్టాను" అన్నారు.

"బయట మనుషులే వడియాల్లా ఎండిపోతున్నారు. స్టోర్లో పప్పుకి చెమ్మొచ్చిందా?"

మామూలుగా అయితే నవ్వేవారు. ఈవేళ చెయ్యి కడుక్కోవాలని బాత్రూంలోకి వెళ్ళిపోయారు. ఆఫీసులో ఏదో తలనొప్పి అయి ఉంటుంది.

జూలై 1, మంగళవారం

నడుం లాగేస్తోంది. స్టోరు జోలికి వెళ్ళలేదు. కొత్త డబ్బాలు వచ్చాయి, అన్నీ ఒకే సైజు, తెల్ల మూతలు. చూస్తుంటేనే కడుపు నిండిపోతోంది.

జూలై 2, బుధవారం

ఈవేళ లేబుళ్ళు. మినప్పప్పు, పెసరపప్పు, గోధుమరవ్వ, బొంబాయి రవ్వ, అన్నిటికీ నల్ల మార్కరుతో గుండ్రంగా రాసి అంటించాను. రజియా చూసి "స్కూలు మాదిరి ఉందక్కా" అంది. స్కూలే మరి. ఇక్కడ ఎవరి బెంచీలో వాళ్ళు కూర్చోవాలి.

తర్వాత పుట్టిల్లు కాకినాడ నుంచి వచ్చిన వస్తువుల అర. పోయిన నెల సెలవు నుంచి వస్తూ పక్క ఫ్లాటు శ్రీలత తెచ్చిన పార్సెల్. అప్పుడు నేను లేవకూడదు కాబట్టి ఈయనే విప్పి సర్దారు. ఊరగాయ నాకు బంద్ కాబట్టి దాని మొహం కూడా చూడలేదు. చక్కగా "ఆవకాయ, అమ్మ, 2025" అని రాసి సీసాకి అంటించాను. ఊడిపోయింది. మళ్ళీ అంటించాను. మళ్ళీ ఊడింది. చేత్తో తడిమితే సీసా ఒంటినిండా జిగురు. ఇంతకుముందు దాని మీద ఇంకేదో లేబులుంది, ఎవరో గీకేశారు.

మూత తీశాను. గుప్పుమని వెల్లుల్లి వాసన.

మా ఇంట్లో ఆవకాయలో వెల్లుల్లి వెయ్యరు. వెయ్యమని ఫణి కాళ్ళావేళ్ళా పడినా అమ్మ వెయ్యలేదు. కొన్న ఆవకాయ గురించి మా అమ్మ ఉపన్యాసం మొదలుపెడితే కరెంటు పోయినా ఆగదు. నూనె మంచిది కాదనీ, ఎవరి చేతులో ఏమిటోననీ. అలాంటి శేషుకుమారి గారు కూతురికి కొట్టు ఆవకాయ పంపుతారా? వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా, ఆవకాయలో వెల్లుల్లి వేశావా?"

"ఆఁ... అల్లుడుగారు తింటారు కదా అని వేశానే."

"కొన్నావు కదూ? సీసాకి జిగురుంది."

"ఓపిక ఉండట్లేదే అమ్మలూ. నువ్వు తిన్నావా? కాళ్ళు వాచాయా?" అని, జవాబు కూడా వినకుండా ఫోన్ నాన్నకిచ్చేసింది. నాన్న ఎండల గురించి చెప్పారు. కాకినాడ ఎండల గురించి మస్కట్‌లో ఉన్నదానికి!

కొంటే కొన్నానని చెప్పొచ్చుగా? నేనేమైనా కొడతానా? ఉడుక్కుంటున్నాను గానీ, పాపం, మోకాళ్ళ నొప్పులతో కాయ కొట్టించడం, ఆరబెట్టడం ఆవిడకి కష్టమే. వచ్చే ఏడు ఫణిగాడిని ముక్కలు తుడవడానికి కూర్చోపెట్టాలి.

జూలై 3, గురువారం

ఆ అర ఈవేళ పూర్తిచేద్దామని కూర్చున్నాను. గుమ్మడి వడియాల ప్యాకెట్‌కి జిగురు. సగ్గుబియ్యం వడియాలకి జిగురు. చల్లమిరపకాయలకీ జిగురే. ఒక ప్యాకెట్ అడుగున గీకడం మర్చిపోయిన ముక్క మిగిలింది, కాకినాడ మెయిన్ రోడ్డు అడ్రసుతో సహా.

హెయిర్ డ్రయ్యర్ ఎందుకు స్టోర్లో ఉందో అప్పుడు అర్థమైంది. వేడి గాలి కొడితే స్టిక్కరు తేలిగ్గా వస్తుంది. ఈయన ఇక్కడ కూర్చుని ఒక్కొక్క లేబులూ గీకారన్నమాట. కొట్టులో కొన్నవని నాకు తెలియకూడదని.

ఎందుకు? కొట్టులో కొంటే తప్పేముంది? ఇంత వయసు వచ్చిన మనుషులు, సముద్రానికి ఇటొకరూ అటొకరూ కూర్చుని, వడియాల గురించి నాతో ఇంత నాటకం ఆడాల్సిన అవసరం ఏమిటి?

రజియా పైఅర తుడుస్తూ ఏదో చెబుతోంది. నేను ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆవకాయ. వడియాలు. చల్లమిరపకాయలు. ఏటా వేసవిలో ఇంట్లో పెట్టేవి ఏవైతే ఉన్నాయో, సరిగ్గా అవే కొన్నవి.

నాకు ఒక వేసవి గుర్తొచ్చింది. ఎనిమిదో క్లాసులో ఉన్నాను. డాబా మీద చాపలు పరవలేదు, మామిడికాయలు ఇంట్లోకి రాలేదు. ఆ ఏడు మాకు ఊరగాయ పిన్ని పంపింది. ఎందుకని అడిగితే అమ్మ, "తాతగారు పోయారు కదే. ఏడాది తిరిగేదాకా మనింట్లో ఊరగాయలు, వడియాలు పెట్టకూడదు" అంది.

"ఏందక్కా అట్ల కూచున్యావు? నీళ్ళు తెచ్చేదా?" అని రజియా భుజం పట్టుకుని కుదిపింది.

మా ఇంట్లో ఎవరు పోయారు?

అదే రోజు, సాయంత్రం

అమ్మతో మాట్లాడాను. నాన్నతో మాట్లాడాను. ఇద్దరూ ఉన్నారు. ఇంట్లో ఇంకెవరున్నారు గనక? ఫణి. వాడి మెసేజ్ పొద్దున్నే వచ్చింది, తిన్నావా అని. మెసేజ్ వచ్చిందంటే బాగానే ఉన్నట్టు కదా. అమ్మయ్య.

అమ్మకి ఓపిక లేదు, కొంది. అంతే. అమ్మ నా చేత మాటలు పడుతుందని ఈయన గీకారు. అంతే.

జూలై 4, శుక్రవారం

స్టోరు సర్దడం అయిపోయింది. చాలా బాగా వచ్చింది. పప్పులు ఒక వరస, పిండ్లు ఒక వరస, పోపు సామాను నా చెయ్యి అందేంత ఎత్తులో. ఖర్జూరాల డబ్బాలు కింద. తలుపు తీస్తే అన్ని లేబుళ్ళూ ఎదురుగా కనపడతాయి. కళ్ళు మూసుకుని ఏది కావాలన్నా తియ్యొచ్చు.

సెలవు రోజు కాబట్టి ఈయన ఇంట్లోనే ఉన్నారు. వచ్చి చూసి "అబ్బ!" అన్నారు. కాకినాడ అర దగ్గరికి వచ్చేసరికి చూపు తిప్పుకున్నారు.

ఏప్రిల్లో ఒక రోజు ఆఫీసు నుంచి మిట్టమధ్యాహ్నం వచ్చారు. నా గదిలోకి రాలేదు. తిన్నగా బాత్రూంలోకి వెళ్ళి షవరు విప్పారు. బయటికి వచ్చినప్పుడు చొక్కా, ప్యాంటు, బెల్టుతో సహా నీళ్ళు కారుతున్నాయి. సైట్లో ఒళ్ళంతా సిమెంటు పడిందన్నారు. పిచ్చి మనిషి అని పడుకునే నవ్వాను. ఆ సాయంత్రమే సహం ఊళ్ళో సైటు మీద అర్జెంటు పనంటూ వెళ్ళి కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయారు. నాకు తోడుగా శ్రీలతని పెట్టారు.

కట్టుబట్టలతో స్నానం ఎలాంటి కబురు విన్నప్పుడు చేస్తారో నాకు తెలియదా?

రిగ్గు మీద మాట్లాడేంత సిగ్నల్ ఉండదు. సముద్రం మధ్యలో ఉండదు. ఎవరికీ ఉండదు.

జూలై 5, శనివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను. ఈయన పెరుగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుంటున్నారు.

"ఏప్రిల్లో బట్టలతో ఎందుకు స్నానం చేశారు?"

ముద్ద కంచంలో జారిపోయింది. నా మొహం వంక చూశారు. ఆ చూపులోనే నాకు సగం తెలిసిపోయింది.

"వాణీ, నువ్వు ముందు ఆ కుర్చీకి ఆనుకో."

"ఫణేనా?"

తల ఊపారు.

జ్వరం. మామూలు జ్వరమనుకున్నారట. వైజాగ్‌లో రూములో ఒక్కడే పడుకుని, మాత్రలు మింగి, తగ్గిపోతుందిలే అనుకున్నాడట. డెంగీ అని తెలిసేసరికి ఐసీయూ. అమ్మా నాన్నా కాకినాడ నుంచి వెళ్ళేసరికి మాట లేదు. రిగ్గూ లేదు, సముద్రమూ లేదు. సహం కూడా లేదు. ఈయన విమానం ఎక్కి వెళ్ళి, పాడె పట్టి వచ్చారు. వచ్చిన రోజు నేను సహంలో ఎండ ఎలా ఉందని అడిగాను. చాలా ఉందన్నారు.

"నీకప్పుడే కుట్టు వేశారు. రక్తం కనపడుతోంది. షాకు తగిలితే బిడ్డ నిలవదన్నారు వాణీ. మావయ్యగారు నా చెయ్యి పట్టుకుని, ఒకణ్ణి పోగొట్టుకున్నాం బాబూ, ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టకు అన్నారు. నేనేం చెయ్యను?"

"శ్రీలతకి తెలుసా?"

"తెలుసు."

"కాకినాడలో?"

"అందరికీ తెలుసు."

ఊళ్ళో అందరికీ తెలుసు. బంధువులందరికీ తెలుసు. మస్కట్‌లో కూడా తెలుసు. నేనొక్కదాన్నే నాకు తమ్ముడున్నాడనుకుంటూ ఇన్ని నెలలు తిరిగాను. తిరగడం కూడా కాదు, పడుకున్నాను. వాడికి జోకులు పంపాను. పుట్టేవాడికి మేనమామ పోలిక రాకూడదని మొక్కుకుంటున్నానని రాశాను.

ఏడుపు రాలేదు. లేచి స్టోర్లోకి వెళ్ళి డబ్బాలన్నీ మళ్ళీ ఎదురుకి తిప్పడం మొదలుపెట్టాను. ఒకటి వంకరగా ఉంది, దాన్ని సరిచేస్తే పక్కది వంకరగా కనపడింది. ఈయన గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. మనిషి ఏడుస్తుంటే నాకు కోపం వస్తోంది. ఏప్రిల్ నుంచీ ఏడవడానికి వీల్లేకుండా ఉన్నారని నాకు తెలుసు, అయినా కోపం వస్తోంది. ఇంతలో పొట్ట రాయిలా బిగుసుకుపోయింది.

జూలై 6, ఆదివారం

నిన్న మధ్యాహ్నం నుంచీ ఆసుపత్రిలోనే. బెల్టు కట్టి, తీగలు పెట్టి, ఏదో ఎక్కించారు. డాక్టర్ నాదియా చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. బిడ్డ గుండె చప్పుడు గదంతా వినిపిస్తోంది, గుర్రం పరిగెడుతున్నట్టు. ఆ చప్పుడు వింటూ ఒకటే అనుకున్నాను: నాకు తెలిసింది, అయినా నువ్వున్నావు. నువ్వు ఉండు.

పొట్ట నెమ్మదించింది. ఇంటికి పంపేశారు.

జూలై 7, సోమవారం

ఫణి లేడు.

రాస్తే నమ్మకం వస్తుందేమోనని రాశాను. రాలేదు.

జూలై 8, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళినప్పటి నుంచీ ముట్టుకోని ఫోన్ పొద్దున్న తీశాను, మెసేజ్ మోగింది. ఫణి. "పోలీసక్కా, తిన్నావా?"

ఫోన్ మంచం మీదికి విసిరేశాను. చచ్చిపోయిన మనిషి నన్ను టిఫిను తిన్నావా అని అడుగుతున్నాడు. శనివారం నుంచీ ఎన్ని అడిగానో, ఇది మాత్రం అడగలేదు. అడగడానికి ధైర్యం లేక.

"ఇవి ఎవరు రాస్తున్నారు? మీరేనా?"

"అక్కడికి వెళ్ళినప్పుడు వాడి ఫోన్‌లోంచి మొదట్లో ఒకటి రెండు నేనే రాశాను" అన్నారు ఈయన. "ఏంట్రా తేడాగా మాట్లాడుతున్నావని నువ్వు వెంటనే పట్టేశావు. భయమేసి మానేశాను. తర్వాత ఆ ఫోన్ అత్తయ్యగారు తీసుకున్నారు. వాడి పాత మెసేజీలన్నీ చదివి, వాడెలా పిలిచేవాడో చూసి..."

అమ్మ. ఫోన్‌లో మిస్డ్ కాల్ చూడ్డం రాని మా అమ్మ.

తిన్నావా. మందులు వేసుకున్నావా. కాళ్ళు వాచాయా. ఎంత పిచ్చిదాన్ని! వాడు పుట్టిన దగ్గర్నుంచీ ఏనాడూ అడగని మాటలు రోజూ అడుగుతుంటే బుద్ధొచ్చిందనుకున్నాను. వాడి పేరు పెట్టుకుంది, వాడి మాటలు నేర్చుకుంది, కానీ తిన్నావా అని అడక్కుండా ఉండలేకపోయింది. ఊరగాయ విషయంలోనూ అంతే. కూతురితో ఇంత పెద్ద అబద్ధం ఆడింది గానీ, కొడుకు పోయిన ఇంట్లో నాలుగు మామిడికాయలు కోసి ఆవకాయ పెట్టలేకపోయింది. ఆ ఒక్కటీ పెట్టేసి ఉంటే నాకు పురిటి దాకా తెలిసేది కాదు.

జూలై 9, బుధవారం

నాకు తెలిసిన సంగతి కాకినాడలో ఇంకా చెప్పలేదు. చెప్పనివ్వలేదు. అమ్మకి ఫోన్ చేసి స్టోరు సర్దడం అయిపోయిందని చెప్పాను. సంతోషించింది. గొంతులో ఏ తేడా లేదు. ఎలా పెడుతోందో ఆ గొంతు!

"తిన్నాన్రా" అని ఫణికి జవాబు పెట్టాను. వెంటనే నీలం టిక్కులు వచ్చాయి. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉందన్నమాట.

ఈయన చెప్పారు. "పోయిన నెల ఇంక ఆపేద్దామన్నాను వాణీ. రిగ్గులో ఫోన్ పోయిందని చెబుదామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. 'అది ఏరా అని పిలుస్తోంది బాబూ. వాణ్ణి ఇంకెవరూ పిలవట్లేదు' అన్నారు."

అది విన్నాక ఏడుపు వచ్చింది. శనివారం నుంచీ రాని ఏడుపంతా వచ్చింది. ఈయన మీద కోపం కూడా కొంచెం అందులోనే కొట్టుకుపోయింది. రజియా వచ్చి, ఎందుకో అడక్కుండా పక్కన చతికిలబడి, నా పాదాలు ఒళ్ళో పెట్టుకుంది.

జూలై 10, గురువారం

"ఆవకాయ, అమ్మ, 2025" అని రాసిన లేబులు స్టోర్లో నేల మీద పడి ఉంది. తీసి చింపేశాను. సీసా మూత తీసి, బీపీ సంగతి తర్వాత చూసుకుందామని, వేలితో ఒక వెల్లుల్లి రెబ్బ తీసుకుని నోట్లో వేసుకున్నాను. ఒక్కటే. దీని కోసం వాడు అమ్మతో ఎన్ని వేసవులు గొడవపడ్డాడో. మా ఇంటికి వెల్లుల్లి ఆవకాయ వచ్చిన ఏడు వాడు లేడు.

అలాగే పీట మీద కూర్చుని ఫోన్ తీశాను. ఈవేళ్టి మెసేజ్ అప్పటికే వచ్చి ఉంది. "పోలీసక్కా, తిన్నావా?"

తిన్నాన్రా అని రాశాను. చెరిపేశాను. ఇలా ఎన్నాళ్ళు? బిడ్డ పుట్టేదాకా నేను, నేను కనేదాకా అమ్మ, ఒకరికొకరం అబద్ధాలు వడ్డించుకుంటూ. నన్ను కాపాడడం కోసం మొదలుపెట్టింది. నేను తట్టుకున్నాను, బిడ్డ తట్టుకుంది. ఇంక ఆవిడ ఎవరి కోసం ఆ గొంతు మొయ్యాలి? కన్న కొడుకు పోతే, కూతురు పక్కన కూర్చుని ఒక్క రోజైనా ఏడవలేదు ఆ మనిషి. ఈయన్ని పిలిచి చెప్పాను. వద్దనలేదు. పక్కనే పీట పట్టుకుని కూర్చున్నారు.

ఫణి నంబరుకే రాశాను.

"అమ్మా, నువ్వు తిన్నావా?"

నీలం టిక్కులు వచ్చాయి. టైప్ చేస్తున్నట్టు కనపడింది, ఆగిపోయింది. మళ్ళీ కనపడింది, మళ్ళీ ఆగిపోయింది. చాలాసేపటికి వాడి ఫొటో పక్కన ఒక్క మాట వచ్చింది.

"లేదే."